సొరపిట్టు మీద నేను మోపిన నేరం

ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వాసుపత్రుల్లో నర్సుగా పనిచేసి, హెడ్ నర్సుగా రిటైరయ్యాను. ఇన్నేళ్ళలో రెండు మెమోలు అందుకున్నాను, మూడు శాలువాలు కప్పించుకున్నాను. అవి ఎందుకిచ్చారో ఇప్పుడు సరిగ్గా గుర్తు లేదు. కానీ ఒక స్టీలు డబ్బా మూత తీసి వాసన చూసినందుకు, సముద్రపు ఒడ్డున ఎండుచేపల మధ్య నిలబడి, పల్లె అందరి ముందు సంజాయిషీ చెప్పుకున్న శుక్రవారం మాత్రం బాగా గుర్తుంది. కొత్తగా ఈ ఉద్యోగంలోకి వస్తున్న చెల్లెళ్ళ కోసం ఆ సంగతి రాస్తున్నాను. చదివి నవ్వుకోండి. నవ్వుకున్నాక ఒకసారి మీ మందుల అలమర దగ్గరికి వెళ్ళి, పెట్టెల్లో మడిచి పెట్టిన కాగితాలు విప్పి చదవండి.

అప్పుడు నేను శ్రీకాకుళం జిల్లాలో, తీరానికి దగ్గరగా ఉన్న ఒక ఆసుపత్రిలో పనిచేసేదాన్ని. ఊరి పేరు వద్దు. కళింగపట్నం వైపు పల్లెల నుంచి పురుళ్ళకు మా దగ్గరికే వచ్చేవారు. అది ఆదివారం. ఆదివారం డ్యూటీ పడితే నాకు ఉదయం నుంచే మనసు బాగుండదు. మా సంఘంలో స్త్రీల కూటమికి నేనే పెద్దని. మైకు లేకపోయినా చివరి బెంచీ దాకా వినిపించే గొంతు నాదని పాస్టరుగారు మెచ్చుకునేవారు. ఆ గొంతే తర్వాత కొంప ముంచింది.

ఆ ఉదయం ఒక పల్లె నుంచి తొలిచూలు అమ్మాయి నొప్పులతో వచ్చింది. నెలలు నిండక ముందే, ఇంకా అత్తవారింట్లో ఉండగానే, ముందు రోజే నొప్పులు మొదలయ్యాయి. వెంట భర్త, అత్త వచ్చారు. అత్త ఆ పల్లెలో బాగా మాట చెల్లే మనిషి. కొడుకు సముద్రం మీదికి వెళ్ళి క్షేమంగా రావాలని అరసవల్లి సూర్యనారాయణుడికి మొక్కుకుని, ఏళ్ళ తరబడి ఆదివారం నీసు ముట్టని మనిషి అని ఆమెను చూపించి చెప్పుకునేవారు. చేపలు పట్టుకుని బతికే ఇంట్లో, వారంలో ఒక పూర్తి రోజు చేప వాసన పీల్చుకుంటూ చేప తినకుండా ఉండడమంటే మాటలు కాదు. మతం వేరైనా, నిష్ఠగల మనిషని నేను ఆమెను గౌరవించాను.

పదకొండు గంటలకు మగబిడ్డ పుట్టాడు. పుట్టిన కాసేపటికి రక్తస్రావం మొదలైంది. మొదలైందంటే మామూలుగా కాదు. గర్భసంచి గట్టిపడకుండా మెత్తగా ఉండిపోయింది. మేం పొట్ట మీద రుద్దుతూనే ఉన్నాం, సెలైన్లో మందు వెళ్తూనే ఉంది, కింద బకెట్లో చప్పుడు ఆగడం లేదు. మా డాక్టరమ్మ ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. శ్రీకాకుళం తీసుకెళ్ళడానికి అంబులెన్సు తయారుగా ఉంచమంది. అమ్మాయికి రక్తపోటు ఎక్కువ ఉంది కాబట్టి మామూలుగా వేసే రెండో సూది వేయకూడదు. "ఫ్రిజ్‌లో కొత్త ఇంజెక్షను ఉంది కదా సిస్టర్, కార్బోప్రోస్ట్, తీయండి," అంది. అమ్మాయికి ఉబ్బసం లేదని అత్తను అడిగి తెలుసుకుని, తొడకు వేశాను. పావుగంట ఆగి ఇంకోటి వేశాను. రెండో దాని తర్వాత, నా అరచేతి కింద గర్భసంచి కొబ్బరికాయలా గట్టిపడింది. రక్తం ఆగింది.

ఈ మొత్తం సేపూ అత్త ఆ అమ్మాయి పాదాలు పట్టుకుని నిలబడింది. బయటికి వెళ్ళమన్నా వెళ్ళలేదు. డాక్టరమ్మ "ఆగిందమ్మా, ఇక ఫరవాలేదు" అన్నాక, గోడకు జారగిలబడి కూర్చుంది. డాక్టరమ్మ బట్టలన్నీ తడిసిపోయాయి కాబట్టి స్నానానికి క్వార్టర్సుకు వెళ్ళింది. అమ్మాయిని వార్డులోకి మార్చాం.

అప్పుడు దిగింది అమ్మాయి తల్లి. ఉత్తరాన ఇంకో పల్లె నుంచి, రెండు బస్సులు మారి, చంకలో స్టీలు డబ్బాతో. ఎండుచేపలు బుట్టలో పెట్టుకుని నరసన్నపేట సంతకు వెళ్ళి అమ్ముకునే మనిషి. నొప్పుల కబురు ముందు రాత్రే అందడంతో, తెల్లవారుజామున పడవలు ఒడ్డెక్కగానే సొరచేప కొని, ఉడకబెట్టి, ముళ్ళు తీసి, పొడిపొడిగా వేయించి పిట్టు చేసుకొచ్చింది. సొరపిట్టు తింటే బాలింతకు పాలు పడతాయని మా తీరంలో అందరి నమ్మకం. డబ్బా మంచం కింద పెట్టి, కూతురి నుదురు నిమిరి, మనవణ్ణి ఎత్తుకుని వరండాలో అందరికీ చూపించడానికి వెళ్ళింది. అత్త వచ్చి మంచం పక్కన కూర్చుంది. నేను ఇంకో రోగికి సెలైను మార్చడానికి వెళ్ళాను.

గంట గడిచిందో లేదో, "సిస్టరమ్మా, ఆపుకోలేకపోతన్నాను," అంది అమ్మాయి. ముందు వాంతి, తర్వాత విరేచనం. దుప్పట్లు రెండు కప్పినా పళ్ళు టకటకలాడే చలి. ఒళ్ళు కాలిపోతోంది. మళ్ళీ విరేచనం. మళ్ళీ. వార్డులో ఉన్న బెడ్‌ప్యాన్లన్నీ ఆమెకే సరిపోయాయి.

నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నేను ఆలోచించవలసింది ఒక్క సంగతి: ఈ మనిషికి గత రెండు గంటల్లో నేను ఏం ఇచ్చాను? నేను ఆలోచించింది ఇంకొకటి: ఈ మనిషికి వీళ్ళు ఏం పెట్టారు?

సోదా మొదలుపెట్టాను. వార్డులో ఉన్న సంచులు, ఫ్లాస్కులు, గిన్నెలు అన్నీ బయట పెట్టించాను. ఒక్కొక్క మూత తీసి వాసన చూశాను. పక్క మంచం ఆమె మిరియాల చారు కూడా చూశాను. చివరికి మంచం కింద ఆ స్టీలు డబ్బా దొరికింది. మూత తీయగానే గుప్పుమని సొరపిట్టు. సగం ఖాళీ. మా ఆదివారం బడి పిల్లలకు నేను చాలాసార్లు చెప్పే కథ ఒకటుంది: అన్నదమ్ములందరి గోనెసంచులూ వెతికితే, అందరికన్నా చిన్నవాడి సంచిలో వెండిగిన్నె దొరుకుతుంది. నాకు సరిగ్గా ఆ ఘట్టం గుర్తొచ్చింది. ఆ కథలో గిన్నె ఎవరి దగ్గర దొరికిందో అతను నిర్దోషి అన్న సంగతి మాత్రం గుర్తు రాలేదు.

"ఏం పెట్టావమ్మా దీనికి?" అన్నాను, చివరి బెంచీకి వినిపించే గొంతుతో.

"ఏటీ పెట్నేదమ్మా!" అంది తల్లి. "రేపో ఎల్లుండో పెడదామని తెచ్చినాను. మంచం కిందెట్టినాను, అంతే."

"మరి సగం ఏమైంది?"

"నిండుగా తెచ్చినాను. అంచులదాకా. ఎవులు తిన్నారో నానెరగను. నా గుంట మీదొట్టు."

"బిడ్డ మీద ఒట్టు పెట్టుకుని అబద్ధమాడకమ్మా. చావు దాకా వెళ్ళొచ్చింది ఈ పిల్ల. తల్లివేనా నువ్వు?"

ఈ చివరి మాట నా నోట్లోంచి రాకుండా ఉంటే ఎంత బాగుండేదో! వరండా అంతా వింది. భర్త లోపలికొచ్చి, "ఏటత్తా, బతికినాదో సచ్చినాదో తెలీని మనిసికి సొరపిట్టెడతావా?" అని అరిచాడు. అతని బంధువులు అందుకున్నారు. మంచం మీంచి అమ్మాయి, "మాయమ్మ పెట్నేదు, నా నోట్లో నీల్లు తప్ప ఏటీ ఎల్నేదు," అంటూనే ఉంది. స్పృహ సరిగ్గా లేని మనిషి మాట, పైగా తల్లి తరఫు మాట అని ఎవరూ లెక్కచేయలేదు. అత్త ఒక్కతే ఏమీ అనలేదు. తలెత్తి ఫ్యాను వంక చూస్తూ కూర్చుంది. ఎంత సహనం ఈమెకు అనుకున్నాను.

తల్లిని వార్డులోంచి పంపించేశాను. డబ్బాలో మిగిలినదాన్ని ఆసుపత్రి వెనక కుక్కలకు వేయించి, ఖాళీ డబ్బాను సాక్ష్యంగా నా బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ రెండు కుక్కలూ పిట్టంతా తిని, సాయంత్రం దాకా నా కిటికీ ముందే చక్కగా తిరిగాయి. తోక ఊపుతూ ఇంకా ఉందా అన్నట్టు చూశాయి. ఆ సాక్ష్యం నేను స్వీకరించలేదు.

డాక్టరమ్మ స్నానం చేసి వచ్చింది. నేను గర్వంగా జరిగినదంతా చెప్పాను. ఆమె మొహం ఏదోలా అయింది.

"సిస్టర్, అది చేప కాదు. మనం వేసిన ఇంజెక్షను. గర్భసంచినే కాదు, పేగుల్నీ పిండుతుంది. విరేచనాలు, వాంతులు, జ్వరం చాలామందికి అవుతాయి, కొన్ని గంటల్లో తగ్గిపోతాయి. ట్రైనింగ్‌లో చెప్పారు కదా. మీరు వెళ్ళారుగా?"

"వెళ్ళాను మేడమ్," అన్నాను.

ఆ మాటలో అబద్ధం లేదు. వెళ్ళాను. శ్రీకాకుళంలో పెట్టారు ట్రైనింగు. శుక్రవారం. ఉదయం పూట రక్తం ఎలా ఆపాలో బొమ్మ మీద చేసి చూపించారు, నేను ముందు వరసలో కూర్చుని నేర్చుకున్నాను. మధ్యాహ్నం భోజనాల తర్వాత పాఠం, మందుల దుష్ఫలితాలు, జాగ్రత్తలు. రెండు గంటలకేమో అరసవల్లి దారిలో మా సంఘస్తుల ఇంట్లో ఉపవాస ప్రార్థన ఉంది. హాజరు పుస్తకంలో మధ్యాహ్నం గడిలో కూడా పొద్దున్నే సంతకం పెట్టేసి, ఆటో ఎక్కాను. "ఎక్కడికమ్మా?" అని పక్కనున్న సిస్టరు అడిగితే, "దేవుని పని మీద," అన్నాను. ఆ మధ్యాహ్నం మేం మోకాళ్ళ మీద ఉండి ప్రార్థించిన అంశాల్లో ఒకటి ఇది: ఆసుపత్రుల్లో పనిచేసేవారికి మంచి జ్ఞానం కలగాలని.

దేవుడు ఆ ప్రార్థన ఆలకించాడనే నా నమ్మకం. అదే సమయానికి, నా కోసం, ఆ హాల్లో, తెర మీద, పెద్ద పెద్ద అక్షరాలతో ఆ జ్ఞానం చూపించాడు. నా కుర్చీ ఖాళీగా ఉంది.

"వాళ్ళకు మీరే చెప్పండి సిస్టర్," అంది డాక్టరమ్మ. "చెప్తాను మేడమ్," అన్నాను.

చెప్పలేదు. సాయంత్రానికి విరేచనాలు తగ్గాయి, జ్వరం దిగింది, అమ్మాయి పాలు పట్టింది. సోమవారం చెబుదామనుకున్నాను. సోమవారం మంగళవారం అనుకున్నాను. నాలో నేను ఒక సాకు కూడా తయారు చేసుకున్నాను: విరేచనాలు చేప వల్ల కాకపోవచ్చు, కానీ సగం డబ్బా ఖాళీ అయిన మాట నిజం కదా, ఆ తల్లి అబద్ధమాడిన మాట నిజం కదా. అబద్ధమాడినవాళ్ళకు తగిన శాస్తే జరిగింది. ఈ తర్కంతో రెండు రోజులు గడిపాను. మంగళవారం సాయంత్రం అమ్మాయిని డిశ్చార్జి చేశాం. అత్తవారు తమ పల్లెకే తీసుకెళ్ళారు.

గురువారం ఆ తల్లి ఆసుపత్రికి వచ్చింది. నన్ను తిట్టడానికి అనుకున్నాను. కాదు.

"నా డబ్బా ఇచ్చియ్యమ్మా," అంది.

బీరువా తీశాను. డబ్బా తీసుకుని, మూత తీసి లోపలికి చూసుకుని, మళ్ళీ మూసింది.

"రేపు ఆల్ల పల్లెలో పెద్దలు కూకుంటన్నారు. నా గుంటని మా ఇంటికి పంపరంట. పెట్టకూడనిది పెట్టి సంపబోయినానంట. నర్సమ్మే సెప్పినాది కదా అంటన్నారు." గొంతు తగ్గించింది. "ఒంట్లో రగతం నేదమ్మా దానికి. మా ఇంటికాడైతే రెండు నెల్లు మంచం దిగనివ్వను. అక్కడ ఆల్ల పనాల్లది, తప్పట్టను. వారం తిరక్కుండా సేపల బుట్ట నెత్తికెత్తుతారు. పడిపోతాది గుంట."

అప్పుడైనా చెప్పవలసింది. నోరు తెరిచాను. వచ్చిన మాట ఇదీ: "రేపు నేను కూడా వస్తానమ్మా."

"ఏటి, మల్లీ వాసన సూడ్డానికా?" అని వెళ్ళిపోయింది.

శుక్రవారం నాకు ఉపవాసం. సాయంత్రం ఆరింటి దాకా మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోను. మధ్యాహ్నం డ్యూటీ దిగి, ఇంజెక్షను పెట్టెలోని కాగితం మడిచి పర్సులో పెట్టుకుని, ఆటోలో కళింగపట్నం దాటి ఆ పల్లెకు వెళ్ళాను. మూడు దాటింది. ఒడ్డున పడవల నీడలో, వలల కుప్పల మీద మగవాళ్ళు కూర్చున్నారు. ఆడవాళ్ళు ఇసుకలో ఆరబెట్టిన చేపల చుట్టూ నిలబడి, కర్రలతో కాకుల్ని తోలుతూ వింటున్నారు. అమ్మాయి ఒక పడవకు ఆనుకుని, ఒళ్ళో బిడ్డతో, సున్నం కొట్టిన గోడలాంటి మొహంతో కూర్చుంది. తల్లి ఆమె దగ్గరికి వెళ్ళకుండా కొంచెం దూరంగా నిలబడింది, చంకలో అదే డబ్బా. కాకుల కర్ర పట్టుకుని అత్త.

"సిస్టరమ్మొచ్చినాది, కుర్సీ ఎయ్యండ్రా," అన్నాడు పల్లె పెద్ద. తెల్లటి మీసాలు, దారంతో కట్టిన కళ్ళజోడు. "రా తల్లీ. కనిపెట్టినదానివి నువ్వే కదా. సెప్పు."

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. నేరం రుజువు చేయడానికి వచ్చిన ముఖ్య సాక్షిని నేను. కూర్చోలేక లేచాను.

"ఆ అమ్మాయికి అయిన విరేచనాలకూ, ఆ డబ్బాకూ సంబంధం లేదు. నేను వేసిన సూదిమందు వల్ల అయ్యాయి. నేను పొరపాటు పడి ఆ తల్లిని నిందించాను."

కాకుల్ని తోలడం ఆగిపోయింది.

"సూదెక్కడేసినావు?" అన్నాడు పెద్ద.

"తొడకు."

"తొడకేసిన సూదికి కడుపెలగ జారతాది తల్లీ?"

వలల మీద నవ్వులు. నేను తడిగుడ్డ పిండినట్టు చేతులతో చూపిస్తూ, గర్భసంచిని పిండే మందు పేగుల్ని కూడా ఎలా పిండుతుందో చెప్పాను. పెద్ద శ్రద్ధగా విన్నాడు. విని, "నువ్వు మంచిదానివి. ఈల్ల గొడవ సల్లారుద్దామని తప్పు నీ మీదేసుకుంటన్నావు. రుజువేటి?" అన్నాడు.

"రుజువా?"

"ఆ సూది నీకాడున్నాదా? ఏసుకో. సూద్దాం."

ఈ తీర్పు అందరికీ తెగ నచ్చింది. నిజమే, అంతకన్నా సూటి పరీక్ష ఇంకేముంది! అది పురుడు పోసుకున్నవాళ్ళకు తప్ప ఎవరికీ వేయకూడదని నేను చెబుతుంటే, వెనకనుంచి ఒక భారీ మనిషి చెయ్యెత్తి లేచాడు.

"ఆయమ్మకెందుకు బాబూ, నాకెయ్యమను. నాకు నాలుగ్రోజులై కదల్నేదు."

"కూకోరా! నీకు పురుడొచ్చినాదేటి?" అని ఆడవాళ్ళ వైపు నుంచి భార్య కాబోలు కేకేసింది.

ఆ నవ్వుల మధ్య పర్సులోంచి కాగితం తీశాను. చీమ తలకాయలంత ఇంగ్లీషు అక్షరాలు. కంగారులో కళ్ళజోడు ఆసుపత్రిలో మరిచిపోయి వచ్చాను. పెద్ద తన జోడు తీసి ఇచ్చాడు. దారం చెవులకు చుట్టుకుని చదవడం మొదలుపెట్టాను. సంఘంలో వాక్యం చదివేటప్పుడు ఒక వరస చదివి ఆగుతాం, కూర్చున్నవాళ్ళు అందుకుంటారు. అలవాటు కొద్దీ అలాగే తెలుగు చేసి చదివి, ఆగాను.

"వాంతులు."

"అయినాయి," అన్నాడు భర్త.

"చలి, వణుకు."

"రెండు దుప్పట్లు కప్పినాం."

"జ్వరం."

"ఒల్లు కాలిపోనాది."

"ఆయాసం."

"నేదు."

"నేదని రాసుకోండ్రా," అన్నాడు పెద్ద. అక్కడ ఎవరూ ఏమీ రాయడం లేదు.

"విరేచనాలు."

"అయినాయి!" అంది ఒడ్డంతా ఒక్క గొంతుతో. పడవల మీద వాలిన కాకులు లేచిపోయాయి. నా జీవితంలో నేను ఏది చదివినా అంత నిండైన జవాబు రాలేదు.

"సేప ఊసున్నాదా అందుల?"

"లేదు."

"సొర?"

"లేదు బాబూ."

"ఎనకపక్క కూడా సూడు."

వెనక కూడా చూసి, లేదన్నాను. పెద్ద చెయ్యి చాచి కళ్ళజోడు తీసుకుని, పెట్టుకుని, నన్ను నిదానంగా చూశాడు.

"ఇన్ని సెడ్డలు అచ్చేసున్నాయి. తెలిసి పొడిసినావా, తెలీక పొడిసినావా?"

డాక్టరమ్మ అడిగినప్పుడు "వెళ్ళాను" అని తప్పించుకున్నాను. ఇక్కడ తప్పించుకునే సందు లేదు. తెలిసి వేశానంటే, తెలిసీ ఆ తల్లిని ఎందుకు నిందించినట్టు? తెలియక వేశానంటే, నేనేం నర్సుని? సంఘంలో ప్రతి నెలా సాక్ష్యం చెప్పేదాన్ని. దేవుడు నన్ను ఏ రోగం నుంచి తప్పించాడో, ఏ బదిలీ నుంచి తప్పించాడో చెప్పేదాన్ని. నేను చేసిన తప్పు గురించి ఎప్పుడూ చెప్పలేదు. ఆ పని మొదటిసారి ఆ ఇసుకలో చేశాను. ట్రైనింగు సంగతి, సంతకం సంగతి, ప్రార్థనకు వెళ్ళిన సంగతి, డాక్టరమ్మ చెప్పినా ఇన్నాళ్ళు నోరు మూసుకున్న సంగతి, అన్నీ.

పెద్ద మీసాల కింద ఏదో కదిలింది.

"దేవుడికాడ మనిసి, బడిలోన సంతకం. బాగున్నాది."

మళ్ళీ నవ్వులు. కానీ భర్త నవ్వలేదు. "మరి ఇన్ని సెడ్డలున్న మందు మా పిల్లకెందుకేసినట్టు?" అని లేచాడు. అతని బంధువులూ లేచారు. గాలి నా మీదికి తిరిగింది.

"కూకోరా. ఎందుకేసినాదో నాను సెప్తాను."

అత్త. కర్ర ఇసుకలో గుచ్చి ముందుకు వచ్చింది.

"నువ్వు బయట బీడీ కాల్సుకుంటన్నావు. నాను దాని కాల్లట్టుకుని నిలబడ్డాను. బొక్కినతో నీల్లు పారబోసినట్టు పోనాదిరా రగతం. నా సేతులు మోసేతులదాకా ఎరుపు. పిల్ల కల్లు పైకెల్లిపోనాయి. ఇంటికి ఏ మొకమెట్టుకెల్తానా అనుకున్నాను. ఈయమ్మ రెండు సూదులేసినాది, ఆగినాది. ఇరోసనాలు కాదు, ఇంకేటొచ్చినా దానికాడ బతుకున్నాది." ఊపిరి తీసుకుంది. గొంతు మారింది. "ఇంకోటి కూడా సెప్తాను. ఆ పిట్టు నానే తిన్నాను."

"ఆదోరం!" అంది ఒక ముసలామె, గుండెల మీద చెయ్యి వేసుకుని.

"ఆదోరమే. ముందు రోజు నుంచి మెతుకు నేదు. రగతం ఆగినాదని సెప్పగానే ఒల్లంతా వణుకు, ఒకటే ఆకలి. మంచంకాడ కూకుంటే కింద డబ్బా. మూత తీసినాను. ఒక్క ముద్దనుకున్నాను. సగం అయిపోనాది." తల్లి వైపు తిరిగింది. "ఒదినా, నిన్నందరూ తిడతంటే నా నోరు పెగల్నేదు. మొక్కు తప్పినానని తెలిస్తే పల్లెలో నా పరువేటవుతాదా అని. అంత తిన్న నాకేటీ అవ్నేదు, తినని దానికెలగయ్యినాదా అని నాకే అనుమానం. ఎవుల్నడగను?"

"సూరినారాయణుడు సూసినాడే!" అంది ముసలామె.

"ఆసుపత్రి లోపల కదా పిన్నీ, ఎండెక్కడిది?" అన్నాడు నాలుగు రోజులై కదలని మనిషి.

నవ్వు ఆపుకోలేక పెద్ద కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అందరికన్నా ఆలస్యంగా నవ్వింది ఆ తల్లే. నవ్వుతూనే ఏడ్చింది. "సెప్తే నీకింకో డబ్బా తెద్దును కదే ఒదినా!"

తీర్పు త్వరగా అయిపోయింది. అమ్మాయి ఆ సాయంత్రమే పుట్టింటికి వెళ్తుంది, మూడో నెల వచ్చేదాకా ఎవరూ పిలవకూడదు. అత్త వచ్చే ఆదివారం అరసవల్లి వెళ్ళి దేవుడితో తానే మాట్లాడుకోవాలి. "మరి సిస్టరమ్మకేటి?" అన్నారెవరో. పెద్ద ఆలోచించి, "మా ఆడకూతుల్లకి సూదేసినప్పుడల్లా, ఈ సూదికి ఇలగవుతాదని ముందే సెప్పాల. ఆల్లకీ, ఆల్ల తల్లికీ, అత్తకీ. అదే సిచ్చ," అన్నాడు.

రిటైరయ్యేదాకా ఆ శిక్ష అనుభవించాను. రక్తం పోతున్నప్పుడు ఒక చేత్తో సూది వేస్తూ, "అమ్మా, దీనికి వాంతులవుతాయి, విరేచనాలవుతాయి, చలి జ్వరం వస్తుంది, భయపడకండి, పూటలో తగ్గిపోతాయి, ఆయాసం వస్తే మాత్రం వెంటనే పిలవండి," అని చివరి బెంచీ గొంతుతో చెప్పేదాన్ని. పాఠం అప్పజెబుతున్నట్టుందని మా వాళ్ళు నవ్వేవారు. మరుసటి ట్రైనింగుకు వెళ్ళినప్పుడు మధ్యాహ్నం గడిలో మధ్యాహ్నమే సంతకం పెట్టాను. దేవుని పని, నా పని అని నేను గీసుకున్న గీత ఎక్కడ తప్పో నాకు ఏ ప్రసంగంలోనూ అర్థం కాలేదు, ఆ ఇసుకలో అర్థమైంది.

ఇక ఆ సాయంత్రం సంగతి. అమ్మాయిని ఆటో ఎక్కించారు. అత్తే ఆమె తలకు గుడ్డ చుట్టి, చెవుల్లో దూది పెట్టి, బిడ్డను అందించింది. నేను నాడి చూసి, ఐరన్ మాత్రలు చేతిలో పెట్టాను. అమ్మాయి నా చెయ్యి వదలకుండా, "మాయమ్మ పెట్నేదని సెప్పినాను కదా సిస్టరమ్మా," అంది. అవునమ్మా, చెప్పావు, అన్నాను.

అప్పుడు తల్లి ఆటో దిగి నా దగ్గరికి వచ్చింది. చంకలోని డబ్బా తీసి నా చేతుల్లో పెట్టింది. బరువుగా ఉంది. పొద్దున్నే మళ్ళీ చేసిందట, పంపినా పంపకపోయినా కూతురికి ఇచ్చిపోదామని.

"దానికి ఇంటికాడ సేసెడతాను. నువ్వు తిను," అంది. మొహంలో కోపం ఇంకా పూర్తిగా పోలేదు. "వాసన సూసుకుని మరీ తిను."

అత్త నవ్వుతూ వచ్చి నా పక్కన పడవ నీడలో చతికిలబడింది. "సుక్కురోరమే కదా, నాకూ ఓ ముద్దెట్టమ్మా."

టైము నాలుగున్నర. ఉపవాసం విడవడానికి ఇంకా గంటన్నర ఉంది. ఒకసారి ఉపవాస ప్రార్థన తప్పకూడదని పాఠం వదిలేసి వెళ్ళాను. దాని ఖరీదు నేను కట్టలేదు, ఎదురుగా నిలబడి నా చేతుల వంక చూస్తున్న ఈ మనిషి కట్టింది.

ప్రభువా, ఇది నీకూ నాకూ మధ్య, అనుకున్నాను. మూత తీశాను. అత్తకో ముద్ద పెట్టి, నేనో ముద్ద తీసుకుని, వాసన చూడకుండా తిన్నాను.